కళ్లకు ఒకటే, కంప్యూటర్‌కు రెండు: స్ట్రింగ్‌ల పోలిక ఎక్కడ బెడిసికొడుతుంది

క్లుప్తంగా: కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారి కోడ్‌లో రెండు మాటలను పోల్చే చోట వచ్చే తప్పులు చాలావరకు మూడు రకాలు. కంటికి కనిపించని అక్షరాలు స్ట్రింగ్‌లో, అంటే ప్రోగ్రామ్ దాచుకునే అక్షరాల వరసలో, ఉండిపోవడం ఒకటి. 'సమానమా?' అని అడగబోయి వేరే ప్రశ్న అడగడం రెండోది. కండిషన్‌నే తప్పుగా కూర్చడం మూడోది. మూడింటిలోనూ ఎర్రర్ ఏమీ రాకుండానే జవాబు తప్పుతుంది కనుక ఏది అసలు కారణమో పైకి తెలియదు. కోడ్ మార్చే ముందు స్ట్రింగ్ పొడవు, దాని రకం, అందులోని అక్షరాల సంఖ్యలు చూస్తే చిక్కు త్వరగా విడిపోతుంది.

ప్రోగ్రామింగ్ మొదలుపెట్టిన కొద్ది రోజులకే చాలామంది ఒక చిన్న క్విజ్ రాస్తారు. 'ఆకాశం ఏ రంగు?' అని తెర మీద ప్రశ్న వస్తుంది. 'నీలం' అని టైప్ చేస్తే 'సరైన జవాబు' అని రావాలి. కానీ 'తప్పు' అని వస్తుంది. మళ్లీ టైప్ చేసినా అదే. అనుమానం వచ్చి రెండు స్ట్రింగ్‌లనూ ప్రింట్ చేస్తే ఒకదాని కింద ఒకటి నీలం, నీలం అని కనిపిస్తాయి. ఎర్రర్ మెసేజ్ ఉండదు, ప్రోగ్రామ్ మధ్యలో ఆగదు. టెన్షన్ మాత్రం పెరుగుతుంది.

మిగతా తప్పులతో పోలిస్తే ఇది ఎక్కువ సతాయించడానికి కారణం ఈ నిశ్శబ్దమే. బ్రాకెట్ మరిచిపోతే కంపైలర్ లైన్ నంబర్‌తో సహా చెబుతుంది. సున్నాతో భాగిస్తే చాలా భాషల్లో ప్రోగ్రామ్ అక్కడే కూలిపోతుంది. పోలిక విషయానికి వస్తే 'కాదు' అన్నది కూడా పద్ధతైన జవాబే. కంప్యూటర్ లెక్కలో అక్కడ తప్పేమీ జరగలేదు.

## తెర మీద బొమ్మ, మెమరీలో అంకెలు

కంప్యూటర్ అక్షరాల ఆకారాలను పోల్చదు. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. పోల్చేది ఆ సంఖ్యల వరసలను. 1963లో తొలిసారి వెలువడ్డ ఆస్కీ ప్రమాణంలో 128 స్థానాలే ఉండేవి. అందులో క్యాపిటల్ ఏ 65, స్మాల్ ఏ 97, స్పేస్ 32. ప్రపంచ లిపులన్నిటినీ ఒకే పట్టికలోకి తేవాలని వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్ 1991లో విడుదలైంది. అందులో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు స్థానాలు కేటాయించారు.

ఆ పట్టిక ప్రకారం 'నీలం' అంటే నాలుగు సంఖ్యలు: న 3112, గుడిదీర్ఘం 3136, ల 3122, సున్న 3074. చదివేవారికి రెండక్షరాల మాట. పైథాన్‌లో పొడవు అడిగితే 4 అంటుంది. జావా, జావాస్క్రిప్ట్ కూడా 4 అనే చెబుతాయి. సీ భాషలో, అక్షరాల సంఖ్యలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో దాచినప్పుడు, 12 వస్తుంది. ఎందుకంటే ఒక్కో తెలుగు సంకేతానికి మూడేసి బైట్లు పడతాయి, సీ లెక్కపెట్టేది బైట్లనే. 2014లో వచ్చిన స్విఫ్ట్ భాష మాత్రం మనిషి లెక్కకు దగ్గరగా 2 అంటుంది. ఒకే మాటకు మూడు పొడవులు, మూడూ నిజమే.

ఇక్కడ తేలేది ఏమిటంటే, ప్రింట్ చేసి చూడటం పోలికకు సాక్ష్యం కాదు. ప్రింట్ అన్న పని జరిగేదే సంఖ్యలను బొమ్మలుగా మార్చి చూపడానికి. ఆ మార్పులో కొన్ని సంఖ్యలకు బొమ్మే ఉండదు, కొన్నిటికి వేరే సంఖ్య బొమ్మే వస్తుంది. తప్పు వెతకడం అక్కడే దారి తప్పుతుంది.

## స్పేసూ, ఎంటర్ కీ, ఇంకొన్ని కనిపించనివి

అన్నిటికన్నా తరచుగా ఎదురయ్యేది మాట చివర మిగిలిపోయే ఖాళీ. జవాబు టైప్ చేసి అలవాటుగా స్పేస్ నొక్కితే 'నీలం' కాస్తా ఐదు సంఖ్యల స్ట్రింగ్ అవుతుంది. ఇది తేలిగ్గానే దొరుకుతుంది. ఎంటర్ కీ సంగతి కొంచెం వేరు. ఆ కీ నొక్కినప్పుడు 10 అనే సంఖ్య ఇన్‌పుట్‌లో చేరుతుంది. దాన్ని తీసేసి ఇవ్వాలా, ఉంచి ఇవ్వాలా అన్నది చదివే ఫంక్షన్ ఇష్టం. పైథాన్‌లో ఇన్‌పుట్ ఫంక్షన్ తీసేస్తుంది. అదే పైథాన్‌లో ఫైల్ నుంచి ఒక్కో లైన్ చదివితే తీసేయదు. సీ భాషలో లైన్ మొత్తం చదివే ఎఫ్‌గెట్స్ కూడా దాన్ని అలాగే ఉంచుతుంది. కీబోర్డు నుంచి చదివినప్పుడు చక్కగా పనిచేసిన క్విజ్, జవాబులను ఫైల్‌లో పెట్టగానే అన్నిటికీ 'తప్పు' అనడం వెనుక ఉన్న కథ చాలాసార్లు ఇదే. ఒక్కోసారి ఫైల్‌లో ఆఖరి జవాబు ఒక్కటే సరిపోతుంది, ఎందుకంటే దాని తర్వాత ఎంటర్ లేదు. అలా కనిపించిందంటే ఇక వేరే ఆధారం అక్కర్లేదు.

విండోస్‌లో తయారైన టెక్స్ట్ ఫైల్ అయితే లైన్ చివర ఒకటి కాదు, రెండు సంఖ్యలు ఉంటాయి: 13, 10. ఇది టెలిటైప్ యంత్రాల కాలం నాటి వారసత్వం. అచ్చు వేసే భాగాన్ని లైన్ మొదటికి జరపడానికి ఒక ఆజ్ఞ, కాగితాన్ని ఒక లైన్ పైకి తిప్పడానికి ఇంకో ఆజ్ఞ ఉండేవి. యునిక్స్ సంతతి రెండోదాన్నే ఉంచుకుంది, విండోస్ రెండింటినీ ఉంచుకుంది. విండోస్ ఫైల్‌ను లినక్స్‌లో సీ ప్రోగ్రామ్‌తో చదివి, 10ని మాత్రమే తీసేస్తే 13 వెనకాలే ఉండిపోతుంది.

ఇన్‌పుట్‌ను ముక్కలుగా చదివే ఫంక్షన్లది ఇంకో తరహా. సీలో స్కాన్ఎఫ్‌తో స్ట్రింగ్ చదివితే మొదటి ఖాళీ దగ్గరే ఆగిపోతుంది. 'ముదురు నీలం' అని టైప్ చేస్తే 'ముదురు' ఒక్కటే చేతికొస్తుంది. 'నీలం' లోపలే ఉండి తర్వాతి ప్రశ్నకు జవాబుగా వెళ్లిపోతుంది. జావాలో స్కానర్‌తో ముందు ఒక అంకె చదివి, ఆ వెంటనే లైన్ చదివితే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. అంకె తర్వాత నొక్కిన ఎంటర్ వరసలో మిగిలిపోయి, తర్వాతి లైన్ ఖాళీగా అయిపోయినట్టు లెక్క పడుతుంది. ఈ రెండు చోట్లా తప్పు పోలికలో లేదు. పోలిక వరకు వచ్చిన సరుకే వేరు.

వెబ్ పేజీ నుంచో డాక్యుమెంట్ నుంచో కాపీ చేసిన మాటల్లో విడదీయరాని స్పేస్ ఉండొచ్చు. చూపుకు మామూలు స్పేసే, సంఖ్య మాత్రం 160. చివరి ఖాళీలు తీసే ఫంక్షన్ ఉందిగా అనుకుంటే అన్ని భాషల్లోనూ అది ఒకేలా పనిచేయదు. పైథాన్‌లో స్ట్రిప్ దీన్ని తీసేస్తుంది. జావాలో పాత ట్రిమ్ 32, అంతకన్నా చిన్న సంఖ్యలనే తీస్తుంది కనుక 160 తప్పించుకుంటుంది. 2018లో జావా 11తో వచ్చిన స్ట్రిప్ కూడా దీన్ని వదిలేస్తుంది. వర్డ్ ప్రాసెసర్లు తమంతట తాము వంపు తిప్పే కోట్స్ సంగతీ అంతే. నిటారు సింగిల్ కోట్ సంఖ్య 39, వంపు తిరిగినవి 8216, 8217.

## ఒకే గుర్తు, భాషకో ప్రశ్న

రెండు స్ట్రింగ్‌లలోని సంఖ్యలన్నీ ఒకటే అయినా 'కాదు' అనే జవాబు రావచ్చు. అప్పుడు చూడాల్సింది == గుర్తు ఆ భాషలో ఏమి అడుగుతోందన్నది.

జావాలో ఈ గుర్తును స్ట్రింగ్‌ల మధ్య పెడితే, 'ఇవి రెండూ మెమరీలో ఒకే వస్తువా?' అని అడిగినట్టు. లోపల రాసింది ఒకటేనా అని కాదు. ఒకే పుస్తకం ప్రతులు రెండు బల్ల మీద ఉంటే వాటిలోని పాఠం ఒకటే, పుస్తకాలు మాత్రం రెండు. పాఠాన్ని పోల్చడానికి జావాలో ఈక్వల్స్ అనే మెథడ్ ఉంది. ఇది పాఠ్యపుస్తకాలన్నిటిలోనూ ఉన్న విషయమే. అయినా తప్పు పోకపోవడానికి ఒక గట్టి కారణం ఉంది: తప్పు పద్ధతి అప్పుడప్పుడు సరైన జవాబు ఇస్తుంది. కోడ్‌లో కోట్స్ మధ్య నేరుగా రాసిన స్ట్రింగ్‌లను జావా ఒక ఉమ్మడి కొలనులో ఉంచి, అదే మాట మళ్లీ కనిపిస్తే పాతదాన్నే ఇస్తుంది. కాబట్టి పరీక్ష కోసం రెండు వేరియబుల్స్‌లోనూ "నీలం" అని రాసి == తో పోలిస్తే 'అవును' వస్తుంది. కీబోర్డు నుంచి వచ్చిన 'నీలం' మాత్రం అప్పుడే పుట్టిన కొత్త వస్తువు, దానితో పోలిస్తే 'కాదు' వస్తుంది. నేర్చుకునే వ్యక్తి 'నిన్న పనిచేసింది' అనడంలో అబద్ధం లేదు.

పైథాన్‌లో == గుర్తు లోపలి పాఠాన్నే పోలుస్తుంది. వస్తువు ఒకటేనా అని అడగడానికి 'ఈజ్' అనే వేరే మాట ఉంది. ఇంగ్లిష్ వాక్యంలా చదువుకోవడానికి బాగుంటుందని కొత్తవారు దాన్ని వాడేస్తారు. ఇక్కడ మాయ ఇంకాస్త చిత్రంగా ఉంటుంది. పైథాన్‌లో సాధారణంగా వాడే రూపమైన సీపైథాన్ ఒక్క ఇంగ్లిష్ అక్షరం ఉన్న స్ట్రింగ్‌లను ముందే తయారుచేసి ఉంచుకుంటుంది. అందువల్ల జవాబు 'వై' అనే ఒక్క అక్షరమైనప్పుడు 'ఈజ్' పనిచేస్తుంది, మూడక్షరాల 'యెస్' ఇవ్వగానే పనిచేయదు. 2019లో వచ్చిన పైథాన్ 3.8 నుంచి, కోట్స్‌లో రాసిన మాట పక్కన 'ఈజ్' వాడితే వార్నింగ్ వస్తోంది. వార్నింగే, ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది.

సీలో స్ట్రింగ్ అంటే మొదటి అక్షరం ఉన్న చోటు, అంటే అడ్రస్. == పెడితే పోల్చేది ఆ అడ్రస్‌లను. లోపలి మాటలను పోల్చడానికి స్ట్రింగ్ కంపేర్ అనే లైబ్రరీ ఫంక్షన్ ఉంది, కోడ్‌లో దాన్ని ఎస్‌టీఆర్‌సీఎంపీ అని రాస్తారు. అయితే దాని జవాబు తిరగేసి ఉంటుంది. రెండూ ఒకటే అయితే సున్నా ఇస్తుంది, సీలో సున్నా అంటే 'కాదు'. దాన్ని నేరుగా ఇఫ్‌లో పెడితే మాటలు కలిసినప్పుడు 'తప్పు' అనీ, కలవనప్పుడు 'సరైన జవాబు' అనీ వస్తుంది. ఇది పొరపాటున పెట్టిన నియమం కాదు. ఆ ఫంక్షన్ చెప్పేది సమానమా కాదా అని కాదు, వరసలో ఏది ముందు వస్తుందో. మైనస్ అయితే మొదటిది ముందు, ప్లస్ అయితే రెండోది ముందు, సున్నా అయితే తేడా లేదు. ఆ అర్థంలో చూస్తే సున్నా సబబే.

జావాస్క్రిప్ట్ సమస్య దీనికి ఎదురు దిక్కున ఉంటుంది. అక్కడ == మరీ ఉదారం. స్ట్రింగ్‌గా ఉన్న "5", అంకెగా ఉన్న 5 సమానమేనంటుంది. ఖాళీ స్ట్రింగ్, సున్నా కూడా సమానమే అంటుంది. రకాలు వేరైతే కలపకుండా పోల్చడానికి 1999 నాటి మూడో ప్రమాణంలో === చేర్చారు. పైథాన్‌లో మాత్రం "5", 5 ఎప్పుడూ సమానం కావు. ఇన్‌పుట్ ఫంక్షన్ ఎప్పుడూ స్ట్రింగే ఇస్తుంది కాబట్టి, అంకెను ఊహించే ఆటలో ఎన్నిసార్లు సరిగ్గా ఊహించినా గెలుపు రాదు. జావా అయితే స్ట్రింగ్‌ను, అంకెను == తో పోల్చబోతే కంపైల్ చేయడానికే ఒప్పుకోదు. మూడు భాషలు, మూడు స్వభావాలు. నేర్చుకునేవారికి జావా మొండితనమే మేలు చేస్తుంది, తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది కనుక.

స్ప్రెడ్‌షీట్లు, డేటాబేస్‌లు కూడా ఈ విషయంలో ఒక్క మాట మీద లేవు. ఎక్సెల్‌లో రెండు గళ్లను = తో పోలిస్తే క్యాపిటల్, స్మాల్ తేడా పట్టించుకోదు; పట్టించుకోవాలంటే ఎగ్జాక్ట్ ఫంక్షన్ వాడాలి. మైఎస్‌క్యూఎల్ మామూలు సెట్టింగ్‌లోనూ ఆ తేడా ఉండదు, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఉంటుంది. ఒక చోట నేర్చుకున్న అలవాటు ఇంకో చోట తప్పవుతుంది.

## 'లేదా' అన్న మాట తెచ్చే చిక్కు

మూడో రకం తప్పుకు స్ట్రింగ్‌లతో అసలు సంబంధమే లేదు, కానీ అక్కడే ఎక్కువగా బయటపడుతుంది. మాట్లాడేటప్పుడు 'రంగు నీలం లేదా నీలి అయితే' అంటాం. వినేవారికి 'రంగు' అన్నది రెండు మాటలకూ వర్తిస్తుందని తెలుసు. దాన్నే పైథాన్‌లో రంగు == "నీలం" అని రాసి, పక్కన 'లేదా' అని చెప్పే 'ఆర్' పెట్టి "నీలి" అని రాస్తే కంప్యూటర్ రెండు ముక్కలుగా చదువుతుంది: రంగు నీలంతో సమానమా? లేదా, "నీలి"? రెండో ముక్కలో పోలిక లేదు, ఒట్టి మాటే ఉంది. ఖాళీగా లేని స్ట్రింగ్‌ను పైథాన్ 'అవును' కింద తీసుకుంటుంది. ఇక ఎవరు ఏ జవాబు ఇచ్చినా, 'ఎరుపు' అన్నా సరే, సరైన జవాబే. సీ, జావాస్క్రిప్ట్‌లలోనూ ఇదే జరుగుతుంది. జావాలో మాత్రం స్ట్రింగ్‌ను అవును-కాదు విలువగా తీసుకోరు కాబట్టి కంపైలర్ అడ్డుకుంటుంది.

'కాదు' కలిసినప్పుడు ఇది ఇంకా మెలిక పడుతుంది. జవాబు 'అవును' గానీ 'వద్దు' గానీ వచ్చేదాకా మళ్లీ మళ్లీ అడగాలనుకుందాం. జవాబు != "అవును" ఆర్ జవాబు != "వద్దు" అని లూప్ రాస్తే (!= అంటే 'సమానం కాదు') ఆ లూప్ ఎన్నటికీ ముగియదు. 'అవును' అని ఇస్తే అది 'వద్దు' కాదు కనుక రెండో సగం నిజం. 'వద్దు' అని ఇస్తే మొదటి సగం నిజం. ఒకే మాట ఒకేసారి రెండూ కాలేదు కాబట్టి కండిషన్ ఎప్పుడూ నిజమే. ఇక్కడ ఉండాల్సింది 'అండ్'. పంతొమ్మిదో శతాబ్దపు గణిత శాస్త్రవేత్త అగస్టస్ డి మోర్గాన్ పేరుతో తర్కశాస్త్రంలో ఉన్న సూత్రం ఇదే: 'ఇది గానీ అది గానీ' అన్నదాన్ని కాదనాలంటే 'ఇదీ కాదు, అదీ కాదు' అనాలి.

ఒక = మరిచిపోవడం పాత పొరపాటే. జావాస్క్రిప్ట్‌లో ఇఫ్ లోపల == బదులు = పెడితే పోలిక జరగదు. వేరియబుల్‌లోకి 'నీలం' వెళ్లి కూర్చుంటుంది, కండిషన్ నిజమవుతుంది. పైథాన్ దీన్ని వ్యాకరణ దోషంగా ఆపేస్తుంది.

## క్యాపిటల్, స్మాల్

ఇంగ్లిష్‌లో క్యాపిటల్ అక్షరానికీ స్మాల్ అక్షరానికీ మధ్య 32 తేడా. మనిషికి ఒకటే మాట, కంప్యూటర్‌కు వేర్వేరు సంఖ్యలు. రెండు పక్కలా స్మాల్ అక్షరాల్లోకి మార్చి పోల్చడం మామూలు మందు. రెండు పక్కలా అన్నది ముఖ్యం. ఇన్‌పుట్‌ను స్మాల్‌లోకి మార్చి, క్యాపిటల్‌తో మొదలయ్యే మాటతో పోలిస్తే అది ఎప్పటికీ కలవదు.

ఇంగ్లిష్ దాటితే ఈ మందు పూర్తిగా పనిచేయదు. టర్కిష్‌లో చుక్క ఉన్న ఐ, చుక్క లేని ఐ వేర్వేరు అక్షరాలు. టర్కిష్ సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో జావా క్యాపిటల్ ఐని చుక్క లేని చిన్న ఐగా మారుస్తుంది, దాంతో మామూలు ఇంగ్లిష్ మాటలు కూడా కలవకుండా పోతాయి. జర్మన్‌లో ఎస్సెట్ అనే అక్షరాన్ని క్యాపిటల్‌గా రాసేటప్పుడు రెండు ఎస్‌లు చేస్తారు. ఇలాంటి వాటి కోసమే పైథాన్ 3.3లో కేస్‌ఫోల్డ్ వచ్చింది. తెలుగు లిపిలో క్యాపిటల్, స్మాల్ లేవు కనుక ఈ బెడద లేదు. తెలుగు బెడదలు తెలుగుకు ఉన్నాయి.

## తెలుగు మాటలు కలవనప్పుడు

'కంప్యూటర్‌లో' అన్న మాటలో ర్ కింద ల ఒత్తుగా చేరిపోకుండా ఉండటానికి రెండింటి మధ్య ఒక కనిపించని అక్షరం టైప్ చేస్తారు. దాని సంఖ్య 8204. వెడల్పు సున్నా, పని మాత్రం ఒత్తును ఆపడం. ఆ మాట టైప్ చేసి, తర్వాత 'లో' చెరిపేస్తే 'కంప్యూటర్' మిగిలినట్టు కనిపిస్తుంది, కానీ ఆ 8204 చివర అలాగే ఉండొచ్చు. స్ట్రిప్ దాన్ని తీయదు, ఎందుకంటే పట్టిక ప్రకారం అది ఖాళీ జాతికి చెందదు. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటలను కొందరు ఆ అక్షరంతో, కొందరు లేకుండా టైప్ చేస్తారు కనుక వెతుకులాటలోనూ ఇదే చిక్కు వస్తుంది.

ఐత్వంలో ఇంకో రకం. 'కై' రాయడానికి యూనికోడ్‌లో రెండు దారులున్నాయి: క తర్వాత ఐత్వం 3144 ఒక్కటే పెట్టడం, లేదా ఎత్వం 3142, దాని కింద ఐత్వపు గుర్తు 3158 విడివిడిగా పెట్టడం. రెండూ ఒకటేనని ప్రమాణమే చెబుతుంది, అయినా మామూలు == సంఖ్యలనే చూస్తుంది కాబట్టి 'కాదు' అంటుంది. ఫ్రెంచ్ మాటల్లో 'e' అక్షరం మీద పెట్టే గీతకూ ఇదే పరిస్థితి. ఒకే అక్షరంగా 233, విడగొడితే 'e' తర్వాత 769. ఇలాంటివాటిని ఒకే రూపానికి తేవడానికి నార్మలైజేషన్ అనే పద్ధతి ఉంది. పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్, జావాస్క్రిప్ట్‌లో నార్మలైజ్ మెథడ్ ఆ పని చేస్తాయి. స్విఫ్ట్‌లో == స్వయంగా ఈ సమానత్వాన్ని లెక్కలోకి తీసుకుంటుంది.

నార్మలైజేషన్‌కు కూడా లొంగనిది సున్న. తెలుగు అంకె సున్నా 3174, పూర్ణానుస్వారం 3074. చాలా ఫాంట్లలో రెండూ గుండ్రంగా ఒకేలా కనిపిస్తాయి. 'నీలం' బదులు 'నీల౦' అని అంకెతో టైప్ చేస్తే చదివేవారు గుర్తుపట్టలేరు. ఇవి నిజంగానే వేర్వేరు అక్షరాలు కాబట్టి ఏ ప్రమాణమూ వాటిని ఒకటి చేయదు. ఇంగ్లిష్ స్మాల్ ఏ 97, రష్యన్ లిపిలో అచ్చం అలాగే ఉండే అక్షరం 1072. మోసపు వెబ్ చిరునామాల్లో వాడుకునేది ఈ పోలికనే.

## ఏది ముందు?

సమానమా అన్న ప్రశ్న పక్కనే ఏది చిన్నది అన్న ప్రశ్న ఉంటుంది. స్ట్రింగ్‌లుగా పోలిస్తే "10" కన్నా "9" పెద్దది. మొదటి అక్షరాలు 1, 9 పోల్చగానే (49, 57) తీర్పు అయిపోతుంది, వెనక ఎన్ని అంకెలున్నా చూడదు. మార్కుల జాబితాను సార్ట్ చేస్తే 100 అన్నది 35 కన్నా ముందుకు రావడానికి కారణం ఇదే. క్యాపిటల్ జెడ్ 90, స్మాల్ ఏ 97 కనుక క్యాపిటల్‌తో మొదలైన ఇంగ్లిష్ పేర్లన్నీ స్మాల్‌తో మొదలైనవాటి కంటే ముందే వస్తాయి.

## ముందు చూడాలి, తర్వాతే మార్చాలి

ఇలాంటి తప్పు ఎదురైనప్పుడు ఎక్కువమంది చేసేది కండిషన్‌ను అటూ ఇటూ మార్చి మళ్లీ నడపడం. == తీసి ఇంకోటి పెడతారు, కోట్స్ మారుస్తారు. ఏదో ఒకటి పనిచేస్తే ఎందుకు పనిచేసిందో తెలియదు, వారం తర్వాత వేరే ఇన్‌పుట్‌తో మళ్లీ మొదటికొస్తుంది.

దీనికన్నా తక్కువ సమయం పట్టే దారి, పోలికకు సరిగ్గా ముందు లైన్‌లో రెండు స్ట్రింగ్‌లనూ బట్టబయలు చేయడం. మాటకు ఇరువైపులా చదరపు బ్రాకెట్లు పెట్టి ప్రింట్ చేస్తే [నీలం ] అని చివరి ఖాళీ బయటపడుతుంది. మూసే బ్రాకెట్ కిందటి లైన్‌లోకి జారిపోతే అది ఎంటర్ కీ. టెర్మినల్‌లో మూసే బ్రాకెట్ లైన్ మొదట్లోకి వచ్చి ]నీలం అని విచిత్రంగా కనిపిస్తే అది విండోస్ ఫైల్ తెచ్చిన 13, అది కర్సర్‌ను వెనక్కి లాగేసింది.

బ్రాకెట్లకు దొరకనివి పొడవుకు దొరుకుతాయి. రెండు పొడవులు వేరైతే కనిపించని అక్షరమో, 'కై'లో లాగా విడగొట్టి రాసిన గుర్తో ఉండి ఉంటుంది. పొడవులు ఒకటే అయినా కలవకపోతే ఒక్కో అక్షరం సంఖ్యనూ వరసగా ప్రింట్ చేయాలి. పైథాన్‌లో ఓ ఆర్ డీ అనే మూడక్షరాల ఫంక్షన్ ఆ పని చేస్తుంది. అదే భాషలో ఆర్ ఈ పీ ఆర్ అనే ఫంక్షన్ స్ట్రింగ్‌ను కోట్స్‌తో సహా చూపి, 160, 8204 లాంటివాటిని సంకేతాలుగా బయటపెడుతుంది. అయితే అంకె సున్నా, పూర్ణానుస్వారం రెండూ ప్రింట్ అయ్యే అక్షరాలే కనుక దానికీ తేడా కనిపించదు. అక్కడ సంఖ్యలే శరణ్యం. స్ట్రింగా అంకెనా అన్న అనుమానం ఉంటే రకాన్ని ప్రింట్ చేస్తే సరి.

సంఖ్యలు మొత్తం కలిసి, రకమూ కలిసి, అప్పటికీ 'కాదు' వస్తుంటే డేటాలో తప్పు లేనట్టే. చూపు == మీదికి, కండిషన్ మీదికి మళ్లించవచ్చు. కండిషన్‌ను ముక్కలు చేసి ఒక్కో ముక్క జవాబును విడిగా ప్రింట్ చేస్తే 'ఆర్' పక్కన పోలిక లేకుండా వేలాడుతున్న మాట దొరికిపోతుంది. వార్నింగ్‌లు పూర్తిగా ఆన్ చేసి కంపైల్ చేయడం కూడా మరవకూడదు. జీసీసీ లాంటి సీ కంపైలర్లు స్ట్రింగ్‌ను == తో పోల్చిన చోటును వేలుపెట్టి చూపిస్తాయి, అడిగితే.

## ఎక్కడ శుభ్రం చేయాలి, ఎంత?

కారణం తెలిశాక వచ్చే ప్రశ్న, దాన్ని ఎక్కడ సరిచేయాలన్నది. పోలిక ఉన్న ప్రతి చోటా ఖాళీలు తీసే స్ట్రిప్, స్మాల్‌లోకి మార్చే లోయర్ తగిలించుకుంటూ పోతే పదో చోట మరిచిపోవడం ఖాయం. ఇన్‌పుట్ లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే ఒక చిన్న ఫంక్షన్ పెట్టి, చివరి ఖాళీలు, క్యాపిటల్ తేడాలు, నార్మలైజేషన్ అన్నీ అక్కడే తేల్చేయడం మేలు.

అలాగని అన్నిటికీ ఒకే శుద్ధి పనికిరాదు. పాస్‌వర్డ్‌లో క్యాపిటల్ అక్షరం, మధ్యలో స్పేస్ కావాలనే పెట్టినవి కావచ్చు. వాటిని సమం చేస్తే భద్రత తగ్గుతుంది. పైగా మామూలు పోలిక మొదటి తేడా కనిపించగానే ఆగిపోతుంది కనుక, ఎంత సమయం పట్టిందో కొలిచి ఎన్ని అక్షరాలు సరిపోయాయో ఊహించే దాడులున్నాయి. అందుకే అలాంటి చోట్ల హ్యాష్ విలువలను (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టి దాని బదులు దాచే సంకేతాలను), సమయంతో గుట్టు బయటపడని ప్రత్యేక ఫంక్షన్లతో పోలుస్తారు.

క్విజ్‌కు అంత కట్టుదిట్టం అక్కర్లేదు. 'నీలం' సరే, 'నీలి', 'నీలము', 'నీలం రంగు' అన్నవారి సంగతేమిటి? ఇది శుభ్రం చేస్తే తీరే తేడా కాదు, ఏవేవి సరైన జవాబులో ముందే ఒక జాబితా రాసుకోవాల్సిన వ్యవహారం. జాబితాలో ఉందా లేదా అని వెతికేటప్పుడూ లోపల జరిగేది అదే పోలిక. కాబట్టి జాబితాలోని మాటలను కూడా గుమ్మం దగ్గరి ఫంక్షన్ గుండానే పంపాలి. ఒక పక్కను శుభ్రం చేసి రెండో పక్కను వదిలేస్తే, జాబితాలో ఎక్కడో వేరే పేజీ నుంచి కాపీ అయిన 'నీలం' ఆ 160నో 8204నో వెంటబెట్టుకుని కూర్చునే ఉంటుంది.